అతికించిన లోహపు అతుకు ఎంత లోడు మోస్తుంది? ఏ లెక్క ఎక్కడ పనికొస్తుంది

జిగురు డబ్బా మీద షియర్ (రేకుల్ని ఒకదాని మీంచి ఒకటి జార్చే లాగుడు) బలం 20 మెగాపాస్కల్, అంటే చదరపు మి.మీ.కి 20 న్యూటన్లు, అని ఉంటుంది. 25 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఓవర్‌లాప్ పెడితే అతుకు వైశాల్యం 1250 చదరపు మి.మీ. రెండూ గుణిస్తే 25 కిలోన్యూటన్లు, అంటే రెండున్నర టన్నులు. కానీ ఆ అతుక్కి వాడిన 1.6 మి.మీ. అల్యూమినియం రేకు 6061-టీ6 అనే గట్టి రకమే అయినా 12 కిలోన్యూటన్లు దాటేసరికి రేకే తెగిపోతుంది. అంటే లెక్క చెప్పిన లోడులో సగం దగ్గరికి వచ్చేసరికి లాగడానికి రేకే మిగలదు.

అనంతపురం, కర్నూలు, కడప షెడ్లలో బస్సు బాడీలు, ట్రాలీలు, ప్యానెల్ పెట్టెలు చేసేవాళ్లూ, ఇంజనీరింగ్ కాలేజీల్లో అడ్హెసివ్ జాయింట్ల మీద ప్రాజెక్టు పెట్టుకునే పిల్లలూ ఎక్కువగా ఈ గుణకారంతోనే మొదలుపెడతారు. కొందరు దీన్ని వదిలేసి ఒకేసారి ఫైనైట్ ఎలిమెంట్ (అతుకుని కంప్యూటర్లో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే) సాఫ్ట్‌వేర్‌లోకి దూకుతారు. ఈ రెండింటి మధ్య నాలుగైదు దారులున్నాయి. ఏ దారి పట్టాలన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: మీ అతుకులో మొదట లొంగేది రేకా, జిగురా, లేక ఆ రెండూ కలిసే ముఖమా?

రేకు ముందు లొంగేటట్టుంటే

రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి అతికించే సింగిల్ లాప్‌లో రెండు వైపుల లాగుడూ ఒకే గీత మీద ఉండవు. రేకు మందమంత ఎడం ఉంటుంది. లాగగానే అతుకు తిరిగి ఆ గీతలోకి రావాలని చూస్తుంది. దాంతో ఓవర్‌లాప్ చివర్ల దగ్గర రేకు వంగుతుంది, జిగురు పొరని చివర్లలో పైకి ఒలుస్తుంది. గోలాండ్, రైస్నర్ 1944లో ఇచ్చిన లెక్క ఈ వంపుని పట్టుకుంటుంది. దాని సారం ఎక్సెల్‌లో రెండు గడుల్లో పడుతుంది.

రేకులో సగటు లాగుడు స్ట్రెస్‌ని (1 + 3 × కే) తో గుణిస్తే ఓవర్‌లాప్ చివర రేకు ఉపరితలం మీద పడే అసలు స్ట్రెస్ వస్తుంది. కే విలువకి సూత్రం: 1 ÷ (1 + 2.83 × టాన్‌హెచ్ యూ). టాన్‌హెచ్ అంటే కాలిక్యులేటర్లో ఉండే హైపర్బోలిక్ టాంజెంట్ (tanh). ఇక్కడ యూ అంటే 1.16 × (ఓవర్‌లాప్‌లో సగం ÷ రేకు మందం) × వర్గమూలం (సగటు స్ట్రెస్ ÷ యంగ్ మాడ్యులస్, అంటే లోహం సాగుడుకి ఇచ్చే బిగుతు). లోడు చిన్నగా ఉన్నప్పుడు కే ఒకటికి దగ్గరగా ఉంటుంది, అంటే రేకు మీద సగటుకి నాలుగు రెట్ల స్ట్రెస్. లోడు పెరిగేకొద్దీ అతుకు తిరుగుతుంది, కే తగ్గుతుంది. కే లోడు మీద ఆధారపడుతుంది కాబట్టి ఒక్కసారి వేసి వదలకూడదు. ఒక లోడు ఊహించి, కే చూసి, మళ్లీ లోడు సరిచేసి, రెండు మూడు సార్లు తిప్పితే సరిపోతుంది.

మన షెడ్లలో దొరికే మెత్తని సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) రేకుకి వేసి చూడండి. మందం 1.6 మి.మీ., వెడల్పు 25 మి.మీ., ఓవర్‌లాప్ 12.5 మి.మీ., ఈల్డ్ బలం (రేకు లొంగి, వంపు శాశ్వతంగా ఉండిపోవడం మొదలయ్యే స్ట్రెస్) 200 మెగాపాస్కల్ అనుకుందాం. కే 0.82 దగ్గర ఆగుతుంది. రేకు లొంగడం మొదలయ్యే లోడు 2.3 కిలోన్యూటన్లు. జిగురు మీద సగటున లెక్కేస్తే అది ఏడున్నర మెగాపాస్కల్ కూడా ఉండదు! జిగురు డబ్బా మీది 20కి ఎంత దూరమో చూడండి. ఓవర్‌లాప్‌ని నాలుగు రెట్లు చేసి 50 మి.మీ.కి తీసుకెళ్తే ఈ లోడు 3.2కి పెరుగుతుంది, అంతే. ఓవర్‌లాప్ 12.5 లోనే ఉంచి రేకుని 2 మి.మీ. చేస్తే 2.8 అవుతుంది.

ఇది రేకు లొంగడం మొదలయ్యే లోడు మాత్రమే. అతుకు పూర్తిగా ఊడేది దీనికి పైనే. కానీ రేకు ఒకసారి వంపు తిరిగి అలాగే ఉండిపోవడం మొదలుపెట్టాక చివర్లలో జిగురు మీద సాగుడూ ఒలుపూ ఒక్కసారిగా పెరుగుతాయి. అందుకే మెత్తని రేకు అతుకుల్లో ఎంత ఖరీదైన జిగురు వాడినా పెద్దగా తేడా కనపడదు. టెస్టు అయ్యాక ముక్కల్ని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. చివర్లు వంగి ఉంటే తీర్పు చెప్పింది రేకు. ఆ ఫలితాన్ని జిగురు బలం అని రిపోర్టులో రాయకండి.

కంపెనీలు ఇచ్చే అంకెలు గట్టి అల్యూమినియం మీదా, గ్రిట్ బ్లాస్ట్ చేసిన ఉక్కు మీదా తీసినవి. మీ రేకు మీద అంత రాకపోతే జిగురు నకిలీ అని అనుమానపడేముందు ఈ లెక్క ఒకసారి వేయండి.

జిగురు ముందు లొంగేటట్టుంటే

గట్టి రేకు, లేదా మందం రేకు ఉన్నప్పుడు విషయం జిగురు దగ్గరికి వస్తుంది. ఇక్కడ జిగురు పెళుసా, సాగేదా అన్నది తేల్చుకోవాలి. ఈ రెంటికీ లెక్కలు పూర్తిగా వేరు.

పెళుసు జిగురుకి 1938 నాటి వోల్కర్సన్ లెక్క మంచి మొదలు. రేకు కూడా సాగుతుంది కాబట్టి ఓవర్‌లాప్ మధ్యలో ఉన్న జిగురు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది, భారమంతా చివర్ల మీద పడుతుంది. రెండు రేకులూ ఒకటే అయితే ముందు ఒమేగా వర్గం కట్టాలి: 2 × జిగురు షియర్ మాడ్యులస్ ÷ (లోహం యంగ్ మాడ్యులస్ × రేకు మందం × జిగురు పొర మందం). తర్వాత అతుకు మోసే లోడు: 2 × చివర జిగురు తట్టుకునే షియర్ × వెడల్పు × టాన్‌హెచ్(ఒమేగా × ఓవర్‌లాప్ ÷ 2) ÷ ఒమేగా.

1.6 మి.మీ. అల్యూమినియం (70,000 మెగాపాస్కల్), 0.2 మి.మీ. జిగురు పొర, షియర్ మాడ్యులస్ 700 మెగాపాస్కల్, చివర తట్టుకునేది 30 మెగాపాస్కల్ అనుకుంటే ఒమేగా సరిగ్గా 0.25 వస్తుంది. 25 మి.మీ. వెడల్పుకి ఫలితాలు ఇలా ఉంటాయి:

ఓవర్‌లాప్ 12.5 మి.మీ. : 5.5 కిలోన్యూటన్లు
ఓవర్‌లాప్ 25 మి.మీ. : 5.98 కిలోన్యూటన్లు
ఓవర్‌లాప్ 50 మి.మీ. : 6.0 కిలోన్యూటన్లు

డబ్బా గుణకారం ఇదే 30తో వేస్తే 9.4, 18.75, 37.5 చెబుతుంది. పాతిక మిల్లీమీటర్లు దాటాక పూసిన జిగురంతా ఈ పెళుసు జాతికి దండగ. వోల్కర్సన్ లెక్కలో వంపూ ఒలుపూ లేవు, కాబట్టి ఈ అంకెలు కూడా కొంచెం ఆశావాదమే.

ఈ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. జిగురు పొర మందం పెంచితే ఒమేగా తగ్గుతుంది, లోడు పెరిగినట్టు కనపడుతుంది. టెస్టులో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. పొర 0.5 మి.మీ. దాటితే లాప్ అతుకుల బలం సాధారణంగా పడిపోతుంది. మందం పొరలో గాలి బుడగలు ఎక్కువ, లోడు గీతల ఎడం పెరిగి వంపు ఎక్కువ, చివర్ల దగ్గర పొర పూర్తిగా లొంగిపోవడానికి అడ్డు తక్కువ. ఈ సూత్రం చూపించి మందంగా పూయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గాజు పూసలు కలిపో, 0.2 మి.మీ. తీగ ముక్కలు రెండు పెట్టో మందం కట్టడి చేయండి. చేత్తో నొక్కి వదిలేస్తే ఒక చివర 0.05, ఇంకో చివర 0.4 వచ్చే అతుకులే ఎక్కువ.

సాగే జిగురుకి, అంటే రబ్బరు కలిపిన టఫెన్డ్ ఎపాక్సీకో, మిథాక్రిలేట్ రకానికో, పై లెక్క మరీ తక్కువ చెబుతుంది. చివర్లలో జిగురు లొంగుతుంది కానీ తెగదు, భారం మెల్లగా లోపలికి పాకుతుంది. ఓవర్‌లాప్ మరీ పొడుగు కానంతవరకూ పొర మొత్తం లొంగినప్పుడు వచ్చే లోడు, అంటే జిగురు ఈల్డ్ షియర్ × వెడల్పు × ఓవర్‌లాప్, అసలుకి దగ్గరగా వస్తుంది. క్రోకోంబ్ 1989లో దీన్ని గ్లోబల్ ఈల్డింగ్ అన్నాడు. చూడ్డానికి ఇది కూడా డబ్బా గుణకారంలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇందులో వేసేది జిగురు పదార్థపు ఈల్డ్ షియర్. మందం ముక్కలతో చేసే ఐఎస్ఓ 11003-2 టెస్టులో వచ్చేది అది. అదీ సాగే జిగురుకే, రేకు లొంగనప్పుడే చెల్లుతుంది. 1970లలో హార్ట్-స్మిత్ నాసా కోసం చేసిన విశ్లేషణ ఈ రెండు కొసల మధ్య వారధి: జిగురు కొంతవరకు సాగి, తర్వాత అదే స్ట్రెస్ దగ్గర లొంగుతూ పోతుందని తీసుకుంటుంది. ఓవర్‌లాప్ పొడుగ్గా ఉండి, జిగురు కొంచెం మాత్రమే సాగేదైతే అదే సరైన దారి.

చేతిలో కాలిక్యులేటర్ తప్ప ఏమీ లేకపోతే రెండు అంకెలు వేయండి: రేకు లొంగే లోడు ఒకటి, జిగురు పొర మొత్తం లొంగే లోడు ఇంకొకటి. ఏది తక్కువో దాన్ని నమ్మండి. ఆడమ్స్, డేవిస్ 1996లో సూచించిన పద్ధతి ఇంచుమించు ఇదే. సాగే జిగురు వాడిన లాప్ అతుకుల్లో చాలా వాటికి ఇంతకు మించి అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

గొడ్డలి అవసరమయ్యేచోట

అతుకు సింగిల్ లాప్ కాకుండా టీ ఆకారంలోనో, గొట్టంలో గొట్టం దూర్చినట్టో ఉన్నప్పుడు, రెండు లోహాలు వేరైనప్పుడు, చివర్లు చెక్కి ఏటవాలు చేసినప్పుడు, అతుకుతో పాటు రివెట్లు కూడా ఉన్నప్పుడు ఫైనైట్ ఎలిమెంట్‌కి పోక తప్పదు. ఇందులోనూ రెండు దారులున్నాయి.

మొదటిది గరిష్ఠ స్ట్రెస్ చూడటం. ప్రాజెక్టు రిపోర్టుల్లో కనపడేది ఇదే, మోసం చేసేదీ ఇదే. రేకు చదరపు మూల జిగురుని తాకేచోట లెక్క ప్రకారం స్ట్రెస్‌కి హద్దు లేదు. మెష్ (ఆ చిన్న ముక్కల వల) చిన్నది చేసేకొద్దీ ఎర్ర రంగులో కనపడే అంకె పెరుగుతూనే పోతుంది. 0.2 మి.మీ. మెష్‌తో ఒక బలం, 0.05 తో ఇంకో బలం వస్తే రెంటిలో ఏదీ అతుకు బలం కాదు. ఈ దారిలోనే పోవాలంటే మూల నుంచి ఒక స్థిరమైన దూరంలో స్ట్రెస్ చూడాలి, ఆ దూరాన్ని టెస్టుతో సరిపెట్టుకోవాలి. అదే దూరం ఇంకో జిగురుకి పనికిరాదు. చివర్న పొంగిన జిగురుని మోడల్‌లో తీసేసి, టెస్టు ముక్కల మీద వదిలేస్తే రెంటికీ పొంతన కుదరదు. 45 డిగ్రీల వాలుతో మిగిలిన ఆ పొంగు చివరి స్ట్రెస్‌ని గణనీయంగా తగ్గిస్తుంది. కాబట్టి మోడల్‌లోనూ ముక్కలోనూ ఒకేలా ఉంచండి. వీలైతే గీకేయకుండా వదలండి.

రెండోది కోహెసివ్ జోన్ మోడల్. జిగురు పొర బదులు ప్రత్యేక ఎలిమెంట్లు పెట్టి, ఎంత స్ట్రెస్ దగ్గర దెబ్బతినడం మొదలవుతుందో, పూర్తిగా తెగడానికి ఎంత శక్తి కావాలో చెబుతాం. అబాకస్, ఆన్సిస్, ఉచితంగా దొరికే కోడ్ ఆస్టర్, మూడింటిలోనూ ఉంది. పగులు మొదలవడం, పాకడం రెండూ ఒకే మోడల్‌లో వస్తాయి, మెష్ మీద ఆధారం తక్కువ. కానీ దీనికి కావలసిన అంకెలు నెట్‌లో ఏరుకుంటే వచ్చేవి కావు: ఒలుపు బలం, షియర్ బలం, ఒలుపులో పగులు శక్తి, షియర్‌లో పగులు శక్తి. మూడోది డీసీబీ (డబుల్ కాంటిలీవర్ బీమ్) ముక్కలతో, నాలుగోది ఈఎన్ఎఫ్ (ఎండ్ నాచ్డ్ ఫ్లెక్షర్) వంపు టెస్టుతో వస్తాయి. అదే జిగురు, అదే పొర మందం, అదే ఉపరితల తయారీతో చేయాలి. పొర మందం మారితే పగులు శక్తి కూడా మారుతుంది.

ఎలిమెంట్ సైజుకి ఒక స్థూలమైన లెక్క: జిగురు యంగ్ మాడ్యులస్ × పగులు శక్తి ÷ బలం వర్గం. పెళుసు ఎపాక్సీకి (2000 మెగాపాస్కల్, మి.మీ.కి 0.4 న్యూటన్, 40 మెగాపాస్కల్) అర మి.మీ. వస్తుంది. ఆ పొడవులో కనీసం మూడు ఎలిమెంట్లు ఉండాలి కాబట్టి 0.15 మి.మీ. పెట్టాలి. టఫెన్డ్ ఎపాక్సీకి (2000, 2.0, 30) నాలుగున్నర మి.మీ. దాకా వస్తుంది, ఒక మి.మీ. ఎలిమెంట్ చాలు. లెక్క కుదరక సాల్వర్ ఆగిపోతుంటే డ్యాంపింగ్ (లెక్క నిలబడటానికి కలిపే కృత్రిమ అడ్డు) పెంచుకుంటూ పోతారు చాలామంది. చివర్లో ఆ డ్యాంపింగ్ మింగిన శక్తి, మొత్తం శక్తిలో ఎంతో చూడకపోతే వచ్చిన బలం డ్యాంపింగ్‌దే అవుతుంది. రేకుకి లొంగే (ప్లాస్టిక్) గుణం ఇవ్వకుండా, లోడు తీస్తే వెనక్కి వచ్చే ఎలాస్టిక్ లోహంగా మాత్రమే పెట్టడం ఇంకో పెద్ద తప్పు. పైన సీఆర్ రేకు 2.3 కిలోన్యూటన్ల దగ్గరే లొంగింది గుర్తుందా, ఆ మోడల్‌కి అది తెలియనే తెలియదు.

ఏ లెక్కకీ కనపడనిది

పగిలిన ముఖం మీద ఒకవైపు లోహం తళతళలాడుతూ, ఇంకోవైపు జిగురంతా ఉంటే అతుకు ముఖం దగ్గర ఊడింది. ఐఎస్ఓ 10365 ఇలాంటి వైఫల్యాలకి పేర్లు పెట్టి రాసే పద్ధతి ఇస్తుంది. రెండు వైపులా జిగురు మిగిలితేనే పై లెక్కలన్నీ చెల్లుతాయి. ముఖం దగ్గర ఊడిన అతుకుకి వోల్కర్సనైనా కోహెసివ్ జోనైనా చెప్పగలిగింది ఏమీ లేదు. వాటికి తెలిసింది జిగురు, రేకు మాత్రమే. నూనె, తుప్పు, తేమ వాటి లెక్కలో లేవు.

1988 ఏప్రిల్ 28న హవాయి మీదుగా ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు ఊడిపోయిన ప్రమాదంలో జరిగింది ఇదే రకం. తొలినాళ్ల ఆ విమానాల్లో లాప్ అతుకులు వేడి పెట్టకుండా గది ఉష్ణోగ్రతలోనే అతికించినవి. తేమ దిగి అతుకు ఊడి తుప్పు పట్టింది. మోయాల్సిన భారమంతా రివెట్ల మీద పడి, రివెట్ రంధ్రాల దగ్గర ఫెటీగ్ (పదే పదే పడే లోడు వల్ల వచ్చే) పగుళ్లు కలిసిపోయాయి. కొత్తగా చేసినప్పుడు తీసిన షియర్ టెస్టులో ఇలాంటిది కనపడదు.

దీనికి తగిన టెస్టు చీల టెస్టు; ఏఎస్‌టీఎం డీ3762 అనే, తర్వాత ఉపసంహరించిన, ప్రమాణంలో ఉండేది. 3.2 మి.మీ. అల్యూమినియం పలకలు రెండు అతికించి, 25 మి.మీ. వెడల్పు కోసి, చివర 3.2 మి.మీ. చీల కొట్టి, పగులు కొస దగ్గర గీత గీయాలి. తర్వాత 50 డిగ్రీల వేడి తేమలో ఉంచి పగులు ఎంత పాకిందో చూడాలి. పగులు శక్తి పగులు పొడవు నాలుగో ఘాతానికి విలోమం. పై కొలతలకి 40 మి.మీ. పగులు మి.మీ.కి 1.7 న్యూటన్ల శక్తిని చూపిస్తే, 60కి పాకాక మిగిలేది 0.34. పాకింది 20 మి.మీ., పోయింది ఐదింట నాలుగు వంతులు. అందుకే ఇందులో పొడవుని స్కేలుతో కాకుండా లెన్సుతో, రెండు అంచుల నుంచీ చదవాలి. ఖర్చు అతి తక్కువ: మూత ఉన్న స్టీలు డబ్బా, నీళ్లు, థర్మోస్టాట్ ఉన్న ఓవెన్. మన ప్రాంతం పొడిది, అనంతపురంలో ఏడాది వాన 550 మి.మీ. అటూ ఇటూ, కాబట్టి తేమ భయం లేదనుకుంటారు. బస్సుని రోజూ నీళ్లు కొట్టి కడుగుతారు. రేకుల సందులో ఆ నీరు మధ్యాహ్నం ఎండకి ఉడుకుతుంది. చీల టెస్టు చేసే పని కూడా అదే.

ఉపరితలం తయారీకి షెడ్లో వాడే థిన్నర్ వద్దు, అది జిడ్డుని తుడవడం కంటే పలచగా పరచడమే ఎక్కువ చేస్తుంది. అసిటోన్‌తో తుడవడం, 80–120 నంబరు ఎమెరీ పేపర్‌తో గరుకు చేయడం, మళ్లీ అసిటోన్, అదీ ప్రతిసారీ కొత్త తెల్ల గుడ్డతో. చివరగా నీళ్లు చల్లి చూడండి. నీరు పల్చటి పొరగా నిలవాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉంది, మళ్లీ మొదటికి రండి. నీరు నిలిచిన ముక్కని పూర్తిగా ఆరబెట్టాకే పూయాలి.

ఎండ

జిగురు ఎంపికలో మనకి అసలు బాధ ఇక్కడే ఉంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలు 50 నుంచి 70 డిగ్రీల మధ్య మెత్తబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలి 42–44 ఉన్నప్పుడు ముదురు రంగు రేకు ఎండలో 65–70కి పోవడం మామూలే. 25 డిగ్రీల దగ్గర తీసిన బలంతో కర్నూలు ఎండలో పెట్టే అతుకు లెక్క వేయకూడదు. టెస్టు ముక్కల్ని 70 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచి, వేడి గదిలోనే లాగాలి. వేడి గది లేకపోతే ఓవెన్ నుంచి తీసిన నిమిషంలోపు లాగి, ముక్కకి థర్మోకపుల్ అతికించి నిజంగా ఎంత వేడి మిగిలిందో రాసుకోవాలి. నిత్యం బరువు వేలాడే అతుకైతే ఒక్క లాగుడు చాలదు. ఆ వేడిలో బరువు కట్టి వారాల తరబడి జారుడు చూడాలి. ఇంత చేయలేకపోతే అతికించాక 70–80 డిగ్రీల్లో కొన్ని గంటలు పోస్ట్ క్యూర్ చేయండి, అంటే గట్టిపడ్డాక మళ్లీ వేడిలో ఉంచండి. మెత్తబడే ఉష్ణోగ్రత పైకి వెళ్తుంది.

ఎండ అతికించేటప్పుడూ దెబ్బతీస్తుంది. ప్రతి 10 డిగ్రీలకి పాట్ లైఫ్ (కలిపిన జిగురు పూయడానికి పనికొచ్చే సమయం) దాదాపు సగమవుతుంది. 25 దగ్గర అరగంట ఉన్న జిగురు 43 దగ్గర తొమ్మిది నిమిషాల్లోపే చిక్కబడుతుంది. పైన పొర కట్టాక మూసిన అతుకు చూడ్డానికి బాగానే ఉంటుంది, లాగితే ముఖం దగ్గర ఊడుతుంది. పొద్దున ఎనిమిదిలోపు అతికించండి, లేదా చిన్న చిన్న మోతాదులు కలపండి.

అల్యూమినియం, ఉక్కు కలిపి అతికిస్తే వేడికి రెండూ వేర్వేరుగా పెరుగుతాయి. అర మీటరు పొడవు, 50 డిగ్రీల తేడా అంటే ఒక్కో చివర 0.14 మి.మీ. జారుడు. 0.2 మి.మీ. ఎపాక్సీ పొరకి అది 70 శాతం సాగుడు, గట్టి ఎపాక్సీ ఏదీ ఓర్చుకోదు. అదే 3 మి.మీ. పాలీయురేథేన్ పొరకి 5 శాతమే. బస్సు పక్క ప్యానెళ్లకి పాలీయురేథేన్ వాడటంలో ఉన్న గుట్టు ఇదే. బలం తక్కువని దాన్ని పక్కన పెట్టడం ఈ సందర్భంలో పొరపాటు.

ఏది తీసుకోవాలి

ఒకే జిగురు రెండు బ్యాచులని పోల్చాలా, కొత్త కుర్రాడి పనితనం చూడాలా? సగటు షియర్, ఐఎస్ఓ 4587 లాప్ టెస్టు చాలు. ఆ అంకె ఆ కొలతలకే చెందుతుంది, ఇంకో డిజైన్‌లోకి మోసుకుపోకండి. సీఆర్ రేకు బ్రాకెట్ అయితే రేకు లొంగే లోడు వేయండి, జిగురు గురించి ఆలోచించకండి. గట్టి అల్యూమినియం, పెళుసు జిగురు అయితే వోల్కర్సన్‌తో ఓవర్‌లాప్ ఎక్కడ ఆపాలో చూసి, గోలాండ్–రైస్నర్‌తో ఒలుపు సరిచూడండి. టఫెన్డ్ జిగురు అయితే రెండు లోడుల్లో తక్కువది. ఎంటెక్ ప్రాజెక్టుకి కోహెసివ్ జోన్ తీసుకునేవాళ్లు ముందు డీసీబీ ముక్కలు చేయించగలరో లేదో తేల్చుకోండి. చేయించలేకపోతే అరువు అంకెలతో గీసిన రంగుల బొమ్మ కన్నా హార్ట్-స్మిత్ లెక్క, పది ముక్కల టెస్టు మేలు. అవి దేనికైనా పనికొస్తాయి.

కాలేజీ లాబుల్లో ఉండే యూటీఎం (ముక్కల్ని లాగి బలం కొలిచే యంత్రం) చాలావరకు 400 కిలోన్యూటన్లది. మీ అతుకు 5 దగ్గర తెగుతుంది. యంత్రం క్యాలిబ్రేషన్ పత్రంలో ఎంత లోడు నుంచి చెల్లుతుందో చూడండి. దానికి కింద వచ్చే రీడింగ్ లెక్కలోకి రాదు. 20 కిలోన్యూటన్ల టెన్సోమీటర్ ఉన్న చోటు వెతుక్కోండి. ముక్కని దవడల్లో బిగించేటప్పుడు రెండు కొసలకీ అదే రేకు ముక్క ప్యాకింగ్ పెట్టండి, లేకపోతే లాగకముందే అతుకు వంగుతుంది. వేగం నిమిషానికి 1.3 మి.మీ. దగ్గర ఉంచండి.

ఐదు ముక్కల సగటు 5.2, వ్యత్యాసం (స్టాండర్డ్ డీవియేషన్) 0.35 కిలోన్యూటన్లు అనుకోండి. సగటుని డిజైన్ అంకెగా రాయకండి. నూటికి తొంభై అతుకులు దాటతాయని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఐదు ముక్కలకి వ్యత్యాసాన్ని 3.4తో గుణించి సగటు నుంచి తీసేయాలి: 4.0 వస్తుంది. పది ముక్కలు చేస్తే గుణకం 2.36కి తగ్గి 4.4 అవుతుంది. మిగతా ఐదు ముక్కల ఖర్చుకి దొరికే 10 శాతం అది. ఫెటీగ్ ఉన్నచోట, అంటే ట్రాలీలు, బస్సులు అన్నిటికీ, మొదటి అంచనాగా ఇందులో పావు వంతు తీసుకుని, ఆ లోడు మీద పది లక్షల సైకిళ్లు నడిపి చూశాకే పైకి వెళ్లండి.